పౌర్వాపర్యం తారుమారైనప్పుడు: ‘ది బుక్స్ ఆఫ్ మ్యాజిక్’ చిత్రకథ, అనుసరణ సమస్య

కీలక పదాలు: అనుసరణ, చిత్రకథ, పౌర్వాపర్యం, సంవాదం, తుల్యదేహి, అద్భుతకథ

కళ్లజోడు పెట్టుకున్న ఇంగ్లీషు బాలుడు. చెదిరిన నల్లని జుట్టు. తోడుగా ఒక గుడ్లగూబ. మహామాంత్రికుడు కాగల యోగం ఉన్నా ఆ సంగతి అతనికే తెలియదు. ఈ వర్ణన వినగానే నేటి పాఠకుడు హ్యారీ పోటర్ పేరే చెబుతాడు. కాని ఇది తిమోతి హంటర్ అనే మరో బాలుని వర్ణన. నీల్ గైమన్ రచించగా డి.సి. కామిక్స్ సంస్థ 1990-91లో నాలుగు సంచికలుగా వెలువరించిన ‘ది బుక్స్ ఆఫ్ మ్యాజిక్’ అనే చిత్రకథకు ఇతడు నాయకుడు. జె.కె. రౌలింగ్ తొలి నవల వెలువడినది 1997 జూన్‌లో. కాలాన్ని బట్టి చిత్రకథ పూర్వం, నవల పరం. పాఠకుల జ్ఞాపకంలో మాత్రం ఈ క్రమం తారుమారైంది. ముందు వచ్చిన కృతి తరువాతి దానికి అనుకరణలా కనబడే స్థితి ఏర్పడింది.

ఈ రెండు కృతుల గురించి జరిగిన చర్చ అధికభాగం ‘ఎవరు ఎవరి నుండి తీసుకున్నారు’ అనే ప్రశ్న చుట్టూనే తిరిగింది. ఆ ప్రశ్నకు గైమన్ స్వయంగా సమాధానం చెప్పాడు. రౌలింగ్ తన కథను అపహరించిందన్న మాటను ఆయన అంగీకరించలేదు, తామిద్దరూ టి.హెచ్. వైట్‌కు ఋణపడినవారమే అన్న భావం వచ్చేటట్లు మాట్లాడాడు. అంతటితో ఆ వివాదం ముగిసినట్లే. ముగియనిది వేరొకటి ఉంది. ఇటువంటి పూర్వకృతిని మరొక మాధ్యమంలోకి, ముఖ్యంగా చలనచిత్రంలోకి, అనుసరించదలచినవాడు ఏమి చేయాలి? సారూప్యాన్ని చెరిపివేయాలా, వాడుకోవాలా, లేక పట్టించుకోకుండా ముందుకు సాగాలా? ఈ వ్యాసం పరిశీలించేది ఈ ప్రశ్ననే. సారూప్యమంటే ఏమిటో తేల్చుకోకుండా దీనికి సమాధానం దొరకదు. ఆ పనికి మన అలంకారశాస్త్రంలో ఉన్న సామగ్రి, నా దృష్టిలో, ఆధునిక అనుసరణ సిద్ధాంతాల కంటె పదునైనది.

సంవాదం

ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం చతుర్థోద్యోతంలో ఒక కావ్యవస్తువు మరొకదానిని పోలి ఉండడాన్ని ‘సంవాదం’ అన్నాడు. అది మూడు విధాలు. అద్దంలో ప్రతిబింబం వంటిది మొదటిది. దానికి తనదైన ఆత్మ లేదు. చిత్తరువు వంటిది రెండవది. ఆత్మ ఉన్నా అది తుచ్ఛమైనది. ఇద్దరు మనుషుల శరీరాలు పోలి ఉండడం వంటిది మూడవది. మొదటి రెండింటినీ కవి విడిచిపెట్టాలి. మూడవదానిని మాత్రం పోలిక ఉన్నదన్న కారణంతో వదలనక్కరలేదని ఆయన తీర్పు. ఇద్దరు మనుషులు ఒకరిని పోలి మరొకరు ఉన్నంత మాత్రాన వారిని ఒక్కరే అనము కదా! ఆత్మ వేరైనప్పుడు పూర్వపు ఛాయను అనుసరించిన వస్తువు కూడ శోభిస్తుందని, చంద్రుని పోలిన స్త్రీముఖాన్ని దృష్టాంతంగా చూపాడు. తరువాత రాజశేఖరుడు కావ్యమీమాంసలో ఈ మూడింటికి పరపురప్రవేశం అనే నాలుగవదానిని చేర్చాడు. మూలవస్తువు ఒక్కటే అయినా కూర్పు పూర్తిగా వేరుగా ఉండడం దాని లక్షణం. కవులలోనూ వర్తకులలోనూ దొంగ కానివాడు లేడని, దాచుకోవడం తెలిసినవాడికే నింద తప్పుతుందని చమత్కరించినదీ ఆ రాజశేఖరుడే.

ఈ విభజనలో గమనించవలసిన విషయం ఒకటుంది. ఆనందవర్ధనుని ప్రమాణం కాలం కాదు, ఆత్మ. ‘ముందు ఎవరు?’ అనే ప్రశ్న ఇక్కడ దోషనిర్ణయానికి పనికివస్తుందేమో కాని గుణనిర్ణయానికి పనికిరాదు. మన తులనాత్మక పరిశోధనలో తరచుగా ఈ రెండూ కలిసిపోతున్నాయి. రెండు కృతుల మధ్య పోలికలను పట్టికగా వేసి, తేదీలను పక్కన చేర్చి, పూర్వకృతికి కిరీటం పెట్టడంతో పరిశోధన పూర్తయినట్లు భావిస్తున్నాము. ‘ది బుక్స్ ఆఫ్ మ్యాజిక్’ అభిమానులు చేసినదీ అదే. ‘మాదే ముందు’ అన్న వాదంతో వారు తమ చిత్రకథను నిలబెట్టాలనుకున్నారు. దానివల్ల ఆ చిత్రకథ శాశ్వతంగా మరొక పుస్తకానికి పీఠికగా మారింది.

పైగా ‘ముందు’ అన్నదానికి అంతు లేదు. టిమ్ కంటె ముందు, 1988లో, 2000 ఎ.డి. పత్రికలో ల్యూక్ కిర్బీ అనే బాలమాంత్రికుడు కనిపించాడు. అంతకు ముందు డయానా విన్ జోన్స్ రాసిన ‘చార్మ్‌డ్ లైఫ్’ (1977), మాంత్రిక విద్యాలయాన్నే రంగస్థలం చేసుకొన్న జిల్ మర్ఫీ ‘ది వర్స్ట్ విచ్’ (1974), ఉర్సులా లెగ్విన్ ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ (1968) ఉన్నాయి. వీటికి వెనుక వైట్ రచించిన ‘ది స్వోర్డ్ ఇన్ ది స్టోన్’ (1938) ఉంది. అందులో మెర్లిన్ వద్ద శిక్షణ పొందే వార్ట్ అనే బాలుడు తానే రాబోయే ఆర్థర్ రాజునని ఎరుగడు. గుడ్లగూబ అక్కడే ఉంది. దాని పేరు ఆర్కిమిడీస్. కళ్లజోడూ అక్కడే ఉంది, కాని అది గురువు ముక్కు మీద! గురువు వస్తువులు శిష్యునికి సంక్రమించడం ఈ పరంపరలో జరిగిన ఆసక్తికరమైన మార్పు. దానిని ఎవరూ ఎవరి నుండీ దొంగిలించలేదు.

గుర్తులు, వాటి పనులు

రెండు కథల్లోని సమాన లక్షణాలు ఏవి అన్నదాని కంటె, అవి ఏయే పనులు చేస్తున్నాయన్నది ముఖ్యం. మొదట కళ్లజోడు. హ్యారీ కళ్లజోడు తొలిసారి కనబడేటప్పటికే విరిగి, అంటించుకొన్న టేపుతో నిలబడి ఉంటుంది. పెద్దమ్మ కొడుకు డడ్లీ ముక్కుమీద గుద్దడమే దానికి కారణం. అంటే ఆ కళ్లజోడు ఆ ఇంట్లో బాలుని స్థితిని, దిక్కులేనితనాన్ని, ఒక్క వాక్యంలో చెప్పే వస్తువు. వచనంలో వర్ణనకు ఉండే పొదుపు అది.

టిమ్ కళ్లజోడు చేసే పని వేరు. ఈ చిత్రకథను నలుగురు చిత్రకారులు గీశారు. మొదటి సంచికకు జాన్ బోల్టన్, రెండవదానికి స్కాట్ హాంప్టన్, మూడవదానికి చార్ల్స్ వెస్, నాలుగవదానికి పాల్ జాన్సన్ బొమ్మలు వేశారు. ఒక్కొక్కరి చేయి ఒక్కొక్క తీరు. ముఖం మారుతుంది, రంగు మారుతుంది, వెలుగు మారుతుంది. సంచిక మారగానే పాఠకుడు ఆ బాలుణ్ణి తిరిగి గుర్తుపట్టాలి. కళ్లజోడు, చెదిరిన జుట్టు ఆ గుర్తింపుకు ఆధారాలు; వీథినాటకంలో కిరీటమూ భుజకీర్తులూ చేసే పని వంటిది ఇది. నటుడు మారినా పాత్ర నిలుస్తుంది. ఈ ప్రయోజనాన్ని రచయిత ఉద్దేశించాడని నిరూపించే అవసరం లేదు. బొమ్మల వరుసలో అది పనిచేస్తున్నదన్నది చాలు.

గుడ్లగూబ సంగతి మరింత స్పష్టం. హెడ్విగ్‌ను హ్యారీకి పుట్టినరోజు కానుకగా హాగ్రిడ్ కొని ఇస్తాడు. అది ఉత్తరాలు మోస్తుంది; మాంత్రికలోకానికీ హ్యారీకీ నడుమ తపాలా వ్యవస్థ అది. టిమ్ గుడ్లగూబ ఎవరూ కొన్నది కాదు. అతని చేతిలోని యోయో ఆటబొమ్మను డాక్టర్ అకల్ట్ అనే మాంత్రికుడు గుడ్లగూబగా మారుస్తాడు. అందుకే దాని పేరు యోయో. మాయ అన్నది ఉన్నదా అని సందేహించే పిల్లవానికి చూపిన ప్రమాణం అది. ఆడుకొనే వస్తువు ప్రాణి అయింది. ఆ క్షణం నుండి అతని బాల్యానికి ఆడుకొనేందుకు ఏమీ మిగలలేదు. ఒకటి లోకంలో స్థానం దొరికిందనడానికి గుర్తు, మరొకటి ఉన్న లోకం చేజారుతున్నదనడానికి గుర్తు. పక్షి మాత్రం ఒక్కటే.

ఈ భేదం కథానిర్మాణంలోకి కూడ వ్యాపించింది. హ్యారీకి వచ్చిన ఉత్తరం విముక్తిపత్రం. మెట్లకింది గదిలో బతికే పిల్లవానికి బడి, స్నేహితులు, భోజనశాల, ఆట, ఇల్లు అన్నీ ఒక్కసారిగా దొరుకుతాయి. మాయను అంగీకరించాలా వద్దా అన్న సందేహానికి అక్కడ చోటే లేదు, ఎవరు వద్దంటారు? టిమ్‌కు బడి లేదు. వీథిలో స్కేట్‌బోర్డు మీద తిరుగుతున్న అతనిని పొడవైన కోట్లు తొడుక్కొన్న నలుగురు అపరిచితులు చేరదీస్తారు. ఫాంటమ్ స్ట్రేంజర్ భూతకాలంలోకి, జాన్ కాన్‌స్టాంటైన్ వర్తమానంలోకి, డాక్టర్ అకల్ట్ యక్షలోకంలోకి, మిస్టర్ ఇ భవిష్యత్తులోకి అతనిని తీసుకుపోతారు. వారు నేర్పేది విద్య కాదు, విద్యకు చెల్లించవలసిన మూల్యం. అన్నీ చూసిన తరువాత, ‘కావాలా, వద్దా?’ అని అడుగుతారు. బాలుడు వద్దంటాడు. ఆ తిరస్కారం నిలవదు. తెలుసుకోవడానికి ఒప్పుకొన్న క్షణంలోనే ఎంపిక జరిగిపోయింది. అయినా, వద్దనగలిగిన నాయకుడు కావడమే టిమ్ ప్రత్యేకత. ఈ చిత్రకథకు ఆత్మ ఏదంటే ఇదే అంటాను.

కనుక ఈ రెండు కృతుల సంబంధం ప్రతిబింబమూ కాదు, చిత్తరువూ కాదు, స్పష్టంగా తుల్యదేహి. మనుచరిత్రలో గంధర్వుడు ప్రవరుని రూపం ధరించి వచ్చినప్పుడు వరూథిని రూపాన్నే చూసింది. కళ్లజోడును, గుడ్లగూబను చూసి ఇద్దరు బాలురను ఒక్కరనుకొనే పాఠకుని స్థితి దాదాపు అటువంటిది. ఈ పోలికకు ఒక హద్దు ఉంది: ఇక్కడ మాయాప్రవరుడు ఎవరూ లేరు. ఇద్దరూ అసలువారే.

అనుసరణకర్త చిక్కు

చిక్కు మరింత విచిత్రం కావడానికి కారణం యాజమాన్యం. డి.సి. కామిక్స్ వార్నర్ సంస్థలకు చెందినది. చిత్రకథ చలనచిత్ర హక్కులు తీసుకొన్నది వార్నర్ బ్రదర్స్. 2001 నుండి 2011 వరకు ఎనిమిది హ్యారీ పోటర్ చిత్రాలను తీసినదీ వార్నర్ బ్రదర్సే. ఇద్దరు బాలురూ ఒకే గడపలోకి వచ్చారు. చట్టం దృష్టిలో ఇక తగాదాకు తావు లేదు. భావాలకు గాక వాటి అభివ్యక్తికే కాపీరైటు రక్షణ ఉంటుంది గనుక, వేరు వేరు ఇళ్లల్లో ఉన్నా పెద్ద తగాదా ఉండేది కాదు. సమస్యంతా విపణికి సంబంధించినది. చిన్నవాడు పేరు తెచ్చుకొన్నాక పెద్దవాడిని ఏ బట్టలతో బయటికి పంపాలి?

1990 దశకం చివర గైమన్ నిర్వాహక నిర్మాతగా ఈ చిత్రం సన్నాహాలు మొదలయ్యాయి. స్క్రిప్టును తిరగరాస్తూ పోయేకొద్దీ అది మూలానికి ఎంతో దూరం జరిగింది. చిత్రకథను ఆశించి వచ్చే ప్రేక్షకుడు దీనితో నిరాశపడతాడని గైమన్, డి.సి. బాధ్యుడు పాల్ లెవిట్జ్ నిర్మాతలకు చెప్పవలసి వచ్చింది. తొలి ముసాయిదాలు రాసిన మాట్ గ్రీన్‌బర్గ్‌తోనే మూలానికి దగ్గరగా మరొకటి రాయించే ప్రయత్నమూ జరిగింది. అది తెరకెక్కలేదు. ఆ స్క్రిప్టులలోని సన్నివేశాలను విమర్శించడం నా ఉద్దేశం కాదు. గమనించదగినది ఆ ప్రయాణపు దిశ. ప్రఖ్యాతకృతి పక్కన ఉన్నప్పుడు అనుసరణకర్తను రెండు భయాలు వెంటాడుతాయి. పోలిక కనబడుతుందేమోనన్నది ఒకటి. పోలిక లేకపోతే ప్రేక్షకుడు రాడేమోనన్నది రెండవది. మొదటి భయం గుర్తులను చెరిపిస్తుంది, రెండవది లేని గుర్తులను తెచ్చిపెడుతుంది. పైకి విరుద్ధంగా కనబడినా రెండింటికీ మూలమైన పొరపాటు ఒక్కటే: దేహాన్నే ఆత్మ అనుకోవడం.

రెండవ భయానికి దగ్గరగా వచ్చిన ఉదాహరణ చిత్రకథా రంగంలోనే ఉంది. 2018లో ‘శాండ్‌మాన్ యూనివర్స్’ వరుసలో క్యాట్ హోవర్డ్ రచనతో, టామ్ ఫౌలర్ బొమ్మలతో ఈ కథ కొత్తగా మొదలైంది. అందులో టిమ్ బడికి పోయే పిల్లవాడు. డాక్టర్ రోజ్ అనే ఉపాధ్యాయురాలు అతనికి మాంత్రికవిద్యలో మార్గం చూపుతుంది. బడి ఉండడం దోషం కాదు, ఆ వయసు పిల్లవానికి బడి సహజమే. కాని బడి వచ్చేసరికి నలుగురు గురువుల పొందని ఏకాభిప్రాయం పక్కకు జరిగి, తరగతి గది క్రమం కథను పట్టుకొంటుంది. మూలంలో గురువులే ఒకరినొకరు నమ్మరు. వారిలో ఒకడైన మిస్టర్ ఇ అంధుడు, మతఛాందసుడు. శిష్యుణ్ణి చంపాలనే ఉద్దేశంతోనే కాలాంతం దాకా తీసుకుపోతాడు. అటువంటి ‘గురువు’కు ఏ బడిలో ఉద్యోగం ఇస్తారు?

మారన, పెద్దన

పూర్వకృతి పరకృతి నీడలో చదవబడడం తెలుగు సాహిత్య చరిత్రకు కొత్త కాదు. తిక్కన శిష్యుడైన మారన మార్కండేయ పురాణాన్ని తెనిగించాడు. ప్రవర వరూథినుల కథ, పాదలేపం, మంచుకు అది కరిగిపోవడం, గంధర్వుని వేషం, స్వారోచిష మనుసంభవం అందులో ఉన్నాయి. పదహారవ శతాబ్దంలో అల్లసాని పెద్దన ఆ కథనే ప్రబంధంగా విస్తరించాడు. ఆ తరువాత మారనను మారనగా చదివిన పాఠకులు ఎందరు? నేటి విద్యార్థి మారన గ్రంథాన్ని తెరిచేది మనుచరిత్రకు మూలం వెదకడానికే. తెరచి, ‘వర్ణనలు లేవు, కథ తొందరగా నడిచిపోయింది’ అని మూసివేస్తాడు. కాని పురాణంలో ఆ కథ మన్వంతరాల వరుసలో ఒక మెట్టు. ప్రవరుని నిగ్రహం గాని వరూథిని విరహం గాని అక్కడ గమ్యాలు కావు. ఒక మనువు ఎట్లా పుట్టాడన్నది గమ్యం. ఆ వేగం లోపం కాదు, పురాణధర్మం. పెద్దన నేర్పిన కళ్లతో చూచినప్పుడు అది లోపమై కనబడుతుంది.

దీనికి ఎదురైన స్థితి కూడ మనకు ఉంది. వసుచరిత్రకు ప్రఖ్యాతి కలిగిన తరువాత దాని ఫక్కిలో వచ్చిన ప్రబంధాలను ‘పిల్ల వసుచరిత్రలు’ అన్నారు. వాటిలో ఏది ప్రతిబింబమో ఏది తుల్యదేహియో విడివిడిగా పరిశీలించే ఓపిక ఆ పేరు పెట్టినవారికి ఉన్నట్లు తోచదు. ప్రఖ్యాతి ఇట్లా తన వెనుకవాటినీ ముందువాటినీ కూడ కుటుంబంలో చేర్చుకొంటుంది. ‘పిల్ల’ అన్న నింద మారనకు రాలేదు, ‘మూలం’ అన్న గౌరవం వచ్చింది. చదవబడని గౌరవం అది. ‘ది బుక్స్ ఆఫ్ మ్యాజిక్’కు ఈ రెండూ ఒకేసారి ప్రాప్తించాయి: తెలిసినవారు మూలమంటారు, తెలియనివారు పిల్ల అంటారు.

మారన ఉదాహరణ అనుసరణకర్తకు ఒక ఉపాయం చూపుతుంది. నేడు మారన ప్రవరకథను ఎవరైనా రంగస్థలం మీదికి తేదలిస్తే, హిమాలయవర్ణనలో పెద్దనతో పోటీపడడం వ్యర్థం. ప్రవరుణ్ణీ పాదలేపాన్నీ తీసివేస్తే కథే లేదు. మిగిలిన దారి ఒక్కటే: పెద్దన విస్తరించిన చోట మారన ఎందుకు ఆగలేదో దానిని ప్రదర్శించడం. మనువు పుట్టుక వైపు పరుగెత్తే ఆ వేగానికి తగిన రూపం వెదకడం.

అదే న్యాయం టిమ్‌కు అన్వయిస్తే, కళ్లజోడు తీయనక్కరలేదు, గుడ్లగూబను కాకిగా మార్చనక్కరలేదు. ప్రేక్షకుడు తొలి దృశ్యంలోనే హ్యారీని తలచుకొంటాడు; తలచుకోనివ్వాలి. ఆ జ్ఞాపకాన్ని అడ్డంకి అనుకోక ముడిసరుకు అనుకొంటే, పక్కనుండి అపరిచితులు రాగానే బడికి పిలుపు వస్తుందని అతడు ఎదురుచూస్తాడు. ఆ ఎదురుచూపు నెరవేరకపోవడమే కథ మొదలు. 1990 నాటి పాఠకునికి లేని ఒక రసస్థానం నేటి ప్రేక్షకునికి పరకృతి వల్లనే లభించింది. పౌర్వాపర్యం తారుమారు కావడం ఇక్కడ నష్టం కాదు.

దృశ్యమాధ్యమంలో దీనికంటె కష్టమైన పని నలుగురు చిత్రకారుల సంగతి. చలనచిత్రానికి సాధారణంగా ఒకే ఛాయాగ్రాహకుడు, ఒకే వర్ణక్రమం. మూలంలో యక్షలోకంలోకి అడుగుపెట్టగానే లోకాన్ని గీసే చేయే మారిపోతుంది; వెస్ సన్నని గీతల మధ్య చెట్లు, వస్త్రాలు, టిటానియా రాణి ఆస్థానం పాత బాలసాహిత్య గ్రంథాల బొమ్మలను తలపిస్తాయి. లోకాంతరానికి పోయామన్న సంగతి సంభాషణ చెప్పదు, కుంచె చెబుతుంది. హ్యారీ కథలో లోకం ఒక్కటే. గోడ అవతల అది దాగి ఉంటుంది, ఇటుకలు జరిపితే చాలు. టిమ్ కథలో లోకాలు ఒకదానిలో ఒకటి ఇమడవు. నాలుగు భాగాలకు నలుగురు దర్శకులను పెట్టడమో, చిత్రానికి బదులు నాలుగు భాగాల ధారావాహికగా తీయడమో తప్ప దీనికి మరొక దారి నాకు తోచడం లేదు. ఇంతవరకు జరిగిన చర్చలో గుడ్లగూబకు దొరికిన చోటులో నాలుగవ వంతైనా ఈ విషయానికి దొరకలేదు. అనుసరణ ఎక్కడ నిలుస్తుందో ఎక్కడ కూలుతుందో తేలేది మాత్రం ఇక్కడనే: బోల్టన్ గీసిన బాలుడు జాన్సన్ గీసిన కాలాంతంలో నిలబడి, ఆకాశంలో వెలుతురు లేని చోట, తనను చంపడానికి తెచ్చిన మార్గదర్శకుని వైపు తిరిగే ఆ పుటలలో.